అడవి పలికిన పేరు

పోయిన ఎండాకాలం మా మనుమరాలు పరీక్షలకు చదువుకుంటానని నా దగ్గరికి వచ్చింది. పట్నంలో పెద్ద చదువు చదువుతున్నది. ఆ పిల్లకు గొంతెత్తి చదివితే తప్ప తలకెక్కదు. పొద్దున నేను దేవుని ముందు కూర్చొని ఒత్తులు చేసుకుంటుంటే పక్క గదిలోంచి ఆమె పాఠం నా చెవిన పడేది. చాలామట్టుకు ఇంగ్లీషే, నాకు రాదు. నడుమ నడుమ తనకు తాను తెలుగులో చెప్పుకునే ముక్కలు మాత్రం అందేవి. ఒకనాడు అట్లాగే చెప్పుకుంటున్నది: రెండు వేల ఏండ్ల కింద లాటిను భాషలో గొర్రెల కాపరుల ప్రేమపాటలు పుట్టాయట. చెట్టు నీడన కూర్చొని, రాని ప్రియురాలి కోసం కాపరి పాడుకునే పాటలు. వాటి ఒరవడి పట్టుకొని ఆ తర్వాత ఇటలీలో, స్పెయిన్‌లో, ఇంగ్లండులో ఎందరెందరో కవులు రాశారట, నాటకాలాడారట, బొమ్మలు గీశారట. నా చేతిలో పత్తి అట్లాగే ఉండిపోయింది.

"ఇంకా యే ఊర్లకు పోయినయే ఆ పాటలు?" అని కూర్చున్న చోటు నుంచే అడిగాను.

"ఊర్లు కాదమ్మమ్మా, దేశాలు. యూరప్ అంతా పోయినయి."

"వనపర్తికి వచ్చినట్టు రాసి లేదా అండ్ల?"

పిల్ల పుస్తకం మూసి వచ్చి నా ముందర కూర్చుంది. వేళాకోళమాడుతున్నాననుకుంది. నేను ఉన్నమాటే అన్నాను. ఆ పాటలు మా ఇంటి అరుగు మీదికి వచ్చాయి, మజ్జిగ తాగాయి, అక్కడి నుంచి గద్వాల కోట దాకా పోయాయి, ఒక కాపురం మంచిచెడ్డల్లో వేలు కూడా పెట్టాయి. పుస్తకాలు రాసేవారికి ఈ సంగతి చేరలేదు. తెలిసినవారిలో నేనొక్కదాన్నే మిగిలాను. కలం పట్టే సత్తువ వేళ్లలో ఇంకా ఉంచినందుకు కేశవస్వామికి దండం పెట్టుకొని రాస్తున్నాను.

అప్పుడు మేము వనపర్తిలో ఉండేవాళ్లం. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాయన పని మీద ఊర్లు పట్టుకొని తిరిగేవాడు. నన్ను పెంచింది మా నాయనమ్మ. చదువు చెప్పింది మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు. ఆడపిల్లను బడికి పంపే రోజులు కావవి. చిన్నాయన సంస్థానం బడిలో తెలుగు పండితుడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కొని, అరుగు మీద ఇసుక పరిచి, నా వేలు పట్టి దిద్దించేవాడు. నాకొచ్చిన నాలుగు అక్షరాలూ ఆయన పెట్టిన భిక్షే. పద్యం ఎంత బాగా రాసేవాడో మాట అంత తక్కువ. పెదవి కదిపితే ఛందస్సులోనే కదపాలన్నట్టు ఉండేవాడు. ఎండాకాలం పొలాల్లో మందలు తోలుకొని తిరిగే కురుమలు మా గడపలో ఆగి మంచినీళ్లు తాగుతూ, "పంతులుగారు మాట్లాడరేంది" అని అడిగితే, "వాడు ఉప్పు గావాల్నన్నా సీసపద్యంల అడుగుతడు, దానికి యతి కుదరక చప్పిడి తింటుండు" అని నాయనమ్మ జవాబు.

ఆ ఏడు ఇంట్లో నవ్వులు అంతవరకే. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, తొలి కాన్పుకు గద్వాలలో పుట్టింటికి పోయింది. కొడుకు పుట్టాడు. పురుడు వెళ్లకముందే పోయాడు. కబురు తెలిసిన నాడు చిన్నాయన ఎప్పటిలాగే బడికి పోయాడు, వచ్చాడు, ఇసుక పరిచాడు, నాతో దిద్దించాడు. ఆనాడు ఏ అక్షరం దిద్దానో జ్ఞాపకం లేదు గాని, ఆయన వేలు నా వేలి మీద చల్లగా ఉండడం జ్ఞాపకముంది. గద్వాలకు మాత్రం పోలేదు. "పోరా, పోయి రా" అని నాయనమ్మ బతిమిలాడింది, తిట్టింది.

"పోయి ఏమనాలెనమ్మా?" అన్నాడాయన.

"ఏమనకు. పోయి ఆ పిల్ల పక్కన కూసో."

అది ఆయనకు చేతకాలేదు. చేతకాకపోవడం కఠినం వల్ల కాదని ఇప్పుడైతే చెప్పగలను. అన్నిటికీ మాటలున్న మనిషికి ఈ ఒక్కదానికి మాట దొరకలేదు. మాట లేకుండా ఎట్లా పోవాలో ఎవరూ నేర్పలేదు. మాసాలు గడిచాయి. కాన్పు తర్వాత భార్యను మొగుడే స్వయంగా వచ్చి తోలుకపోవడం మా ఇండ్లలో ఆనవాయితీ. చిన్నాయన పాలేరును తోడిచ్చి బండి పంపాడు. బండి ఉత్తదే తిరిగి వచ్చింది. చిన్నమ్మ పంపిన కబురు ఒకటే: "బండొచ్చింది, మనిషి రాలేదు."

అటు గద్వాలలో ఆమె తండ్రి పిల్లను ఇక పంపేది లేదని నలుగురిలో అన్నాడు. ఇటు చుట్టాల్లో ఒకాయన, సంతానం నిలువలేదు, భార్య రాదు, ఇంకో పిల్లను చూద్దామని మా గడప తొక్కాడు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. నాయనమ్మ ఆయనకు అన్నం పెట్టి, చేయి కడుక్కున్నాక, మళ్లీ ఈ మాట ఎత్తితే ఈ ఇంట్లో నీళ్లు కూడా పుట్టవని చెప్పి పంపింది. అయినా ఆమెకు లోపల దిగులే. కార్తీకం దాటినా కోడలు రాకుంటే ఇక రానట్టేనని పూజలో కూర్చొని గొణుక్కోవడం నేను విన్నాను.

చిన్నాయనకు చలిజ్వరం పట్టింది ఆ వానాకాలంలోనే. నాగర్‌కర్నూలు దిక్కు ఒక పల్లెలో ముసలి పాదిరి ఒకాయన ఉండేవాడు. ఇటలీ దేశం మనిషి. చిన్న ప్రార్థన గుడి, దానికి ఆనుకొని మందులిచ్చే గది. తట్టుగుర్రం మీద ఊర్లు తిరిగి జ్వరాలకు చేదుమందు ఇచ్చేవాడు. తెల్లటి గడ్డం, ఎండకు కమిలిన ఎర్రటి ముఖం, మోకాళ్ల దాకా దుమ్ము. నోరు తెరిస్తే మాత్రం మా కురుమలు మాట్లాడినట్టే ఉండేది. ఆయన తెలుగు పుస్తకాల్లో నేర్చినది కాదు, మందల దగ్గర, కళ్లాల దగ్గర నేర్చినది. పండితుల ఇంట్లో గ్రాంథికం వింటే బిక్కమొహం వేసేవాడు. మా పాలేరు మాట్లాడితే ప్రాణం లేచి వచ్చినట్టుండేది. నాయనమ్మ ఆయన కోసం ఒక ఇత్తడి లోటా వేరే పెట్టింది. మొదట్లో ఆయన పోయాక దాన్ని చింతపండుతో తోమి, పసుపునీళ్లు చల్లి, ఎండలో బోర్లించేది. కొన్నాళ్లకు పసుపునీళ్లు మానింది. ఇంకొన్నాళ్లకు ఆ లోటా ఏదో తనకే గుర్తుండేది కాదు. ఆమె మడి తెలిసినవారికి అది ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

జ్వరం దిగుతున్న పూట చిన్నాయన పడుకొని ఏదో పద్యం నెమ్మదిగా చదువుకుంటున్నాడు. పాదిరి అరుగు మీద కూర్చొని విన్నాడు. తాను చిన్నప్పుడు, బెత్తం దెబ్బలు తింటూ, నోటికి పట్టిన లాటిను పాటలున్నాయని చెప్పి, కండ్లు మూసుకొని ఒకటి ఎత్తుకున్నాడు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. చిన్నాయనకూ తెలియదు. కాని ఆయన చేతివేళ్లు గొంగడి మీద కదలడం మొదలైంది. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. "అమ్మా, వినవే. గురువు, లఘువు, లఘువు. మళ్ల గురువు. వీండ్లు గూడ మన తీరే తూచి కడుతుండ్రు" అన్నాడు. ఎన్ని నెలలకో ఆయన ముఖంలో వెలుగు. అర్థం తెలియని పాటలో తెలిసిన నడక వినిపించడం, పరాయి ఊరి సంతలో మన ఊరి మనిషి వెనుకనుంచి కనబడినట్టు ఉంటుందని తర్వాత నాకు చెప్పాడు.

ఆ పైన పాదిరి అర్థం చెప్పాడు, తనకొచ్చిన తెలుగులో. "ఒక కాపరి ఉన్నడు పంతులూ. వాని పిల్ల పట్నం బాట పట్టింది. వీడు చెట్టు కింద కూసోని ఆమె పేరు పిలుస్తడు, ఏడుస్తడు. గొర్రెలేమో వీన్ని జూస్తయి, వీనికేమైందని."

చిన్నాయన తర్వాత నాయనమ్మతో అన్నాడు: మన కావ్యాల్లో కాపరి కనబడితే వాడి నోట పెద్ద పెద్ద సమాసాలు పలికిస్తాం, ఈ కాపరులు మన మంద దగ్గరి మనిషిలాగే మాట్లాడుతున్నారు. ఇట్లా తెలుగులో ఎందుకు రాయకూడదు? గొర్రెల కాపరి మీద కావ్యం రాస్తే సభలో నవ్వరా అని నాకు సందేహం వచ్చి అడిగాను. నాయనమ్మే తీర్చింది. మన దేవుడు పశువులు కాయలేదా అన్నది. మా దేవుడు గూడ తాను కాపరిననే చెప్పుకున్నడమ్మా అన్నాడు పాదిరి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని, ఆ విషయం అక్కడితో తేలిపోయినట్టు తల ఆడించారు. నా భక్తి ఎంతో కొంత నిబ్బరంగా నిలిచిందంటే, ఆనాటి ఆ రెండు తలల చలువేనని నేననుకుంటాను.

అప్పటినుంచి పాదిరి మా ఊరి దిక్కు వచ్చినప్పుడల్లా మా అరుగు మీద ఒక పాట దిగేది. చిక్కు ఎక్కడ వచ్చేదంటే, ఆ పాటల్లోని వస్తువులు పాలమూరులో దొరకవు. ఆ కాపరి కూర్చునే చెట్టు మాకు లేదు. దట్టమైన నీడ, నున్నటి బెరడు అని పాదిరి చెప్పగా, గానుగ పెట్టుకోండని నాయనమ్మ తీర్పు. ముండ్ల డొప్పలో ఉండే గింజ ఒకటి, నిప్పుల్లో కాల్చుకొని తింటారట. దానికి బదులు కాల్చిన పల్లికాయ అన్నది. ద్రాక్షతీగ స్థానంలో కాకరతీగ చెప్పబోయి, ప్రేమ కథలో చేదెందుకని తానే మానుకొని, దోసతీగ చేసింది. పాలు విరగ్గొట్టి, ఉప్పేసి, గడ్డకట్టించి నెలల తరబడి దాచుకొని తింటారని విన్నప్పుడు మాత్రం ఆమె ముక్కు మీద కొంగు పెట్టుకుంది. కాపరి తన పిల్లకు అటువంటిది ఇస్తాననడం వల్లనే ఆమె పట్నం పోయి ఉంటుందని అనుమానించింది. అది జున్ను అయింది. సీతాఫలాలు, మోదుగుపూలు, నల్లగొర్రె గొంగడి ఆమె తన దిక్కు నుంచి చేర్చింది. పాదిరికి ఈ మార్పులు తెగ నచ్చేవి. తన దేశంలో కూడా తర్వాతి కవులు ఇదే పని చేశారని, ఎవరి కొండను వారు, ఎవరి చెట్టును వారు ఆ పాటల్లో నాటుకున్నారని చెప్పేవాడు.

ఒకనాడు వాన పడుతుంటే ఇంకో తీరు పాట చెప్పాడు. లేత వయసు కాపరి ఒకడు చచ్చిపోతాడు. వాడి కోసం గుట్టలు ఏడుస్తాయి. మంద వాగు ఒడ్డుకు పోయి నీళ్లు ముట్టదు. ముండ్లపొద తప్ప చేనులో ఏమీ మొలవదు. తోటివారు వాడి సమాధి మీద పూలు చల్లి, వాడు ఇప్పుడు చుక్కల్లో ఉన్నాడని పాడుతారు. చిన్నాయన మళ్లీ చెప్పమన్నాడు. పాదిరి మళ్లీ చెప్పాడు. మూడోసారి అడగబోయి చిన్నాయన భుజం మీది తువాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. మగవాడు అట్లా ఏడవడం నేను చూడలేదు. పాదిరి లేచి పోలేదు. చూరు నుంచి కారే నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఎవడో పరాయి దేశపు కాపరి కోసం ఏడవగలిగితేనే మా చిన్నాయన తన కొడుకు కోసం ఏడవగలిగాడు. ఆ పాట రాసిన పుణ్యాత్ముడు ఎవరో, ఏ దేవుణ్ని కొలిచేవాడో నాకు తెలియదు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఆ మరునాడే చిన్నాయన రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఒకనాడు పాదిరిని అడిగాడు: "ఆఖరుకు ఆ పిల్ల వస్తదా?"

"రాదు పంతులూ. ఏ పాటల గూడ రాదు. ఈ పిల్ల గాకపోతే ఇంకో పిల్ల దొరుకుతది తియ్యి అని వాడే మనసుకు చెప్పుకుంటడు."

లోపల పప్పు రుబ్బుతున్న నాయనమ్మ రోలు ఆపింది. "వాని నోట మన్నువడ. అందుకే రాలేదు" అన్నది. "నాయినా, ఆ ముక్క నువ్వు రాయకు."

చిన్నాయన రాయలేదు. కాపరి పిలుస్తూ ఉండగానే కావ్యం ముగించాడు.

దాన్ని ఎక్కడ చదవదలచుకున్నాడో ఆయన చెప్పకపోయినా నాయనమ్మకు తెలుసు. గద్వాల కోటలో కార్తీకంలో కవుల సభ జరిగేది. ఆడవారు వెదురు తెర వెనుక కూర్చొని వినేవారు. చిన్నమ్మ పుట్టింటివారు కోటకు కావలసినవారు. ఆ ఇంటి ఆడవారు సభ తప్పరు. ఇంటికి పోయి చెప్పలేనిది సభలో చదివితే తెర వెనుక ఒకరికి చేరుతుందని ఆయన ఆశ. "ఊరంత తిరిగి ఇంటెనుక దూరుడంటే ఇదే" అన్నది నాయనమ్మ; అంటూనే మా ఇద్దరి బట్టలు మూట కట్టింది.

సభ సంగతికి ముందు పాదిరి సంగతి ముగించాలి. ఆయన్ని కూడా రమ్మన్నాడు చిన్నాయన. గుర్రం ముసలిదైంది, నేనూ అంతే అని నవ్వి, తిరిగొచ్చాక కథ చెప్పమన్నాడు. మేము తిరిగొచ్చి చెప్పాము, విని చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఇటలీ శత్రుదేశమైందని, ఆ దేశంవారందరినీ ఇంగ్లీషు దొరతనం ఎక్కడికో దూరం తీసుకపోయిందని విన్నాము. మందుల గదికి తాళం పడింది. మళ్లీ ఆయన జాడ తెలియలేదు. కార్తీకంలో మా పెద్దల పేర్లు తలచుకొని దీపాలు పెట్టేటప్పుడు ఆయన పేరున ఒకటి పెడతాను. తప్పేమోనని ఒకసారి నాయనమ్మను అడిగితే, దీపానికి పరాయితనం ఉండదని చెప్పింది.

గద్వాలలో సభనాడు తెర వెనుక నాయనమ్మ పక్కన కూర్చున్నాను. చిన్నమ్మ తల్లితో వచ్చింది. సగం అయిపోయింది మనిషి. నాయనమ్మ కాళ్లకు మొక్కింది గాని కండ్లలోకి చూడలేదు. నన్ను మాత్రం ఒళ్లోకి లాక్కొని తల నిమురుతూ కూర్చుంది. చిన్నాయన వంతు వచ్చింది. గానుగ నీడ పద్యానికి మంచిదే అన్నారు. కాల్చిన పల్లికాయ దగ్గర ముందు వరసలో కలకలం. సభకు పెద్దగా కూర్చున్న పండితుడు, కావ్యంలో పల్లికాయలేమిటని అడిగాడు. "అయ్యా, మా చేన్లో పండింది అదే" అన్నాడు చిన్నాయన. నవ్వులు. ఆ నవ్వులు మంచివే. పసివాడైన కాపరి చనిపోయిన పద్యాలు వచ్చేసరికి నా తల మీద చిన్నమ్మ చేయి ఆగింది. మంద నీళ్లు ముట్టలేదన్న చోట ఆమె నన్ను గట్టిగా అదుముకుంది. అది ఎవరి మీది పద్యమో ఆ కోటలో ముగ్గురికే తెలుసు, నన్ను లెక్కిస్తే నలుగురికి.

చివర పిలుపు పద్యాలు. నీ పేరు పిలిచాను, గుట్ట పలికింది. నీ పేరు పిలిచాను, వాగు పలికింది. గానుగ బెరడు మీద చెక్కాను, చెట్టుతోబాటు నీ పేరు పెరుగుతుంది. పండితులు ఆహా అంటున్నారు. ఇత్తడి పళ్లెంలో శాలువా తెచ్చి పెట్టారు. ఆక్షేపణ ఎవరికైనా ఉంటే అడగవచ్చునని సభాపతి అన్నాడు. అది ప్రతి కావ్యానికీ అనే మాటే. అప్పుడు చిన్నమ్మ నన్ను ఒళ్లోంచి దించి, తలుపు దగ్గరి ముసలి దాసిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. తల్లి వద్దని చేయి పట్టుకున్నా వినలేదు. దాసి తెర దాటి పోయి, కొంగు సవరించుకొని, అందరికీ వినబడేటట్టు అన్నది:

"తెరెనుక నుంచి ఒక మాట అడుగుమన్నరు. గుట్ట పలికింది, వాగు పలికింది, చెట్టు మీద చెక్కిన అన్నరు గద. ఆ పేరేందో పద్యాలల్ల యాడ ఇనరాలేదంట. జర చెప్పుమన్నరు."

ఈ కాలపు పిల్లలకు ఇది చెప్పకుంటే తెలియదు. మా ఇండ్లలో మొగుడు పెండ్లాం పేరు నోటితో అనడు, పెండ్లాం మొగుడి పేరు అనదు. పెండ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలిచి, పేరు చెబితేనే లోపలికి అని వేధించినప్పుడు ఒక్కసారి అనడమే. మళ్లీ బతుకంతా "ఇగో", "విన్నవా" లతోనే గడిచిపోతుంది. పాదిరి పాటల్లో ఆ పిల్ల పేరు రెండు మాటలకొకసారి వచ్చేది. చిన్నాయన ఆ చోటల్లా చెలి అనీ, లేమ అనీ పెట్టుకుంటూ పోయాడు. పేరు కోసం అడవినంతా మారుమోగించి, పేరు మాత్రం రాయలేదు. రాయలేదన్న సంగతి ఆయనకే తోచలేదు. మా ఇండ్లలో పుట్టిన కవి తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది.

సభ ఘొల్లుమన్నది. మెల్లగా నవ్వు తగ్గింది. జవాబు చెప్పాలి గదా. చిన్నాయన నిలబడే ఉన్నాడు. తెర దిక్కు చూశాడు. "చెప్పలేను" అన్నాడు. ఆక్షేపణ తీరలేదు కనుక సన్మానం నిలిపివేస్తున్నామని సభాపతి నొచ్చుకుంటూనే ప్రకటించాడు. పళ్లెంలో శాలువా మడత విప్పకుండానే లోపలికి పోయింది. చిన్నమ్మ లేచి, ఎవరివైపూ చూడకుండా తల్లితో వెళ్లిపోయింది. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందని బసకు నడుస్తూ నాయనమ్మ అనుకుంది. నేనూ అనుకున్నాను.

తెల్లవారి లేచేసరికి చిన్నాయన బసలో లేడు. నాయనమ్మకు అనుమానం తట్టి, నన్ను చేత పట్టుకొని వియ్యంకుల ఇంటికి నడిచింది. ఆ వీధి సాలెవారిది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి, ఇరుపక్కలా మనుషులు నిలబడి గంజి పడుతున్నారు. ఆ నూలు దారాల పక్కనుంచి, ఒక్క పోగు తాకకుండా ఒదిగి నడుచుకుంటూ మా చిన్నాయన పోతున్నాడు. చేతిలో కాగితం లేదు. ఇంటి ముందర అరుగు మీద మామగారు కూర్చొని ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"పండితులవారు దయచేసినరు. ఇంకో పద్యం తెచ్చినరా?" అన్నాడు.

"లేదు మామా. పద్యం లేదు."

గడప ఎక్కలేదు. వీధిలోనే నిలబడి, లోపలి దిక్కు చూస్తూ చిన్నమ్మను పేరు పెట్టి పిలిచాడు. సభలో పద్యం చదివే గొంతు కాదు అది. చేనుకు ఆ చివర ఉన్న మనిషిని పిలిచే గొంతు. గంజి పడుతున్న చేతులు ఆగాయి. ఎదురింటి తలుపు సందుల్లో ముఖాలు కనబడ్డాయి. మామగారి చేతిలోని తమలపాకు చేతిలోనే ఉన్నది.

"బాబు పోయిన నాడు రావాల్సింది నేను" అన్నాడు. "ఏమనాల్నో తెల్వక రాలే. ఇప్పుడు గూడ తెల్వదు. ఇంటికి పోదాం రా."

నాయనమ్మ నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. చివరికి చిన్నమ్మ తలుపు చాటు దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా, మాటలో పదును పోలేదు.

"ఇంకోసారి పిలవమనుండ్రి నాయినా" అన్నది తండ్రితో. "నాకు సరిగ ఇనరాలే."

చిన్నాయన మళ్లీ పిలిచాడు. ఈసారి సాలెవారి పిల్లలు కూడా నవ్వుతూ ఆ పేరు పట్టుకొని పిలిచారు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు పలికింది. ఆ పేరు ఇక్కడ నేను రాయను. ఆయన చెప్పవలసిన పేరు, ఆయన చెప్పాడు, చాలు. మామగారు కండువాతో కండ్లు ఒత్తుకొని, లోపలికి రా అల్లుడా, కాళ్లకు నీళ్లిస్తారు అన్నాడు.

వీధిలో పేరు పిలిచిన సంగతి కోటకు చేరి, ఆక్షేపణ తీరిందని మరుసటి ఏడు శాలువా వచ్చింది. నాయనమ్మ దాన్ని చలికాలమంతా కప్పుకొని, పల్లికాయల శాలువా అని అందరికీ చూపించింది. చిన్నాయన కావ్యం అచ్చు కాలేదు. కాగితాలు చెదలకు పోయాయి. వాళ్లకు మళ్లీ ముగ్గురు పిల్లలు పుట్టారు, దేవుని దయవల్ల ముగ్గురూ నిలిచారు. చిన్నాయన ఆ తర్వాత కూడా తక్కువే మాట్లాడాడు. కాని బడి నుంచి వచ్చినప్పుడు వాకిట్లోనే ఆగి, ఇరుగుపొరుగు ముసిముసిగా నవ్వుకున్నా సరే, భార్యను పేరు పెట్టి పిలిచి లోపలికి అడుగుపెట్టేవాడు. మా వీధిలో అట్లా పిలిచిన మొదటి మొగుడు ఆయనే.

అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది మాత్రం చిన్నమ్మ కట్టిన పాట. గద్వాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు కృష్ణ దాటడానికి పుట్టి ఎక్కాము. తోలు పరిచిన పెద్ద బుట్ట అది. నలుగురం మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాము. మీ కాపరి పిలుస్తూనే ఉన్నాడు, ఆ పిల్ల ఏమన్నదో రాయలేదేమని చిన్నమ్మ అడిగింది. లాటిను పాటల్లో ఆమె ఏమీ అనదని, రానే రాదని చిన్నాయన చెప్పాడు. మగవారు రాసినవి గద, ఆమె మాట ఎవరు అడిగారు అని, ఏటి నీళ్లలో వేళ్లు ముంచి ఆడిస్తూ, చిన్నగా రాగం తీసింది:

గానుగ నీడల కూసున్న కాపరీ
పాటొచ్చె నీవేమొ రావైతివి
గాలికి జెప్పిన పేరు నాదే గాని
గడపల జెప్పితే వస్త నేను

ఛందస్సు లేదు, గురువు లఘువు లేదు. చిన్నాయన నోరు తెరుచుకొని విన్నాడు. అది నాయనమ్మ నోట పడి, పేరంటాల్లో పాకి, కృష్ణ తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ ఊర్లలో కోడలిని తోలుకపోవడానికి అల్లుడు వచ్చిన నాడు ఆడవారు పాడే పాట అయింది. నేను ఎన్నో పెండ్లిండ్లలో విన్నాను. ఎక్కడిదని అడిగితే మా అవ్వల కాలం నాటిదంటారు. కాదనను. వాళ్ల అవ్వల కంటే ముందరి అవ్వలు కూడా ఉన్నారని, లాటిను పాటల్లో మాట దక్కని ఆ పిల్ల వాళ్లలో ఒకతని మాత్రం మనసులో అనుకుంటాను.

ఆనాడు పుట్టి నేరుగా పోలేదు. అది పోనే పోదు. నీటి సుడిని బట్టి గుండ్రంగా తిరుగుతూ పోతుంది. ఒకసారి వదిలివచ్చిన గద్వాల ఒడ్డు నా ముఖానికి ఎదురుగా వచ్చేది, ఒకసారి చేరవలసిన ఆత్మకూరు ఒడ్డు. వెనక్కి పోతున్నామేమోనని నేను భయపడితే చిన్నమ్మ నన్ను దగ్గరికి తీసుకొని, ఎటు తిరిగినా నీళ్లు ముందుకే తీసుకపోతాయని చెప్పింది. ఇన్నేండ్లకు నాకు అర్థమైనంతలో కాలం కూడా అట్లాంటిదే. మనల్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూపినా, అవతలి ఒడ్డుకే దింపుతుంది.